కీబోర్డు ఆపితే వినిపించే గొంతులు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా డిసెంబర్ నెలలో ఏ చర్చిలోకి వెళ్లినా ఒక దృశ్యం మారదు. క్వయర్‌లో ముందు వరసలన్నీ ఆడవాళ్లవి, ఆడపిల్లలవి. మగపిల్లల్లో ఒకడు కీబోర్డు దగ్గర, ఒకడు రిథమ్ ప్యాడ్ దగ్గర, ఒకడు మిక్సర్ దగ్గర ఉంటాడు. పెద్దవాళ్లు కుర్చీలు సర్దుతూనో, గేటు దగ్గర బండ్లు పెట్టిస్తూనో కనిపిస్తారు. పాట మొదలయ్యాక వాళ్ల పెదాలు కదులుతాయి గానీ గొంతు బయటికి రాదు. పాడమని అడిగితే "మాకెక్కడ వస్తది సార్, ఆడవాళ్లు పాడుతున్నరు గద" అంటారు.

ఆ మాట విని విని, మా సంఘంలో మగవాళ్లతోనే ఒక క్వయర్ కట్టాం. వాద్యాలు లేవు, మైకు లేదు. నాలుగు భాగాలుగా విడిపోయి క్రిస్మస్ పాటలు పాడతాం. సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని నేను. ఈ క్వయర్‌లో బేస్ పాడతాను, మిగతావాళ్లకు వాళ్ల వాళ్ల భాగాలు నేర్పుతాను. వాద్యం తోడు లేకుండా పాడే ఈ పద్ధతిని ప్రపంచమంతా 'అ కాపెల్లా' అంటుంది. ప్రార్థనా మందిరాల్లో పుట్టిన పద్ధతి కాబట్టి ఇటాలియన్ భాషలో ఆ పేరు. కేవలం మగ గొంతులతో ఇలా పాడే క్రిస్మస్ సంగీతానికి పెద్ద చరిత్ర ఉంది. అది మన కీర్తనలతోనూ, మన వీధులతోనూ చక్కగా కలుస్తుంది. ఆ సంగతి నలుగురికీ తెలియాలని నా తపన.

లోపం గొంతులో లేదు

పాడటం రాదనుకునే మగవాళ్లలో చాలామందికి గొంతు బాగానే ఉంటుంది. వాళ్లకు అందనిది శ్రుతి. పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో మగపిల్లల స్వరపేటిక పెరిగి, గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. అందుకే కర్ణాటక సంగీతంలో మగవాళ్లు సాధారణంగా ఒకటి, రెండు శ్రుతుల్లో పాడతారు. ఆడవాళ్లు ఐదు, ఆరు శ్రుతుల్లో పాడతారు. కీబోర్డు మీద చూస్తే అవి సి, డి ఒకవైపు. జి, ఏ మరోవైపు.

చర్చిలో పాట ఎత్తుకునేది ఎక్కువగా ఆడవాళ్లే కాబట్టి శ్రుతి వాళ్లకు అనువుగానే పెడతారు. అది న్యాయమే. ఇక వెనక కూర్చున్న మగవాడి పరిస్థితి చూడండి. అదే స్థాయిలో పాడబోతే చరణం దగ్గర గొంతు చీలిపోతుంది. ఒక స్థాయి దింపి పాడబోతే కింది స్వరాలు అందవు. అటూ ఇటూ కాక గొణుగుతాడు. కొన్నేళ్లు అలా గొణిగాక తనకు పాట రాదని నిశ్చయించుకుంటాడు. గొంతు మారే వయసులో నవ్వులపాలైన పిల్లలైతే ఆ తర్వాత మళ్లీ నోరు తెరవరు.

మగవాళ్లను విడిగా నిలబెట్టడం వెనక నా కారణం ఇంతే. ఆడవాళ్ల పాట తక్కువదని కాదు. మా ఇంట్లో నాకంటే బాగా పాడేది మా ఆవిడే, సంఘం క్వయర్‌ను నడిపేదీ ఆవిడే. మగవాళ్లు మాత్రమే పాడేటప్పుడు శ్రుతిని వాళ్ల గొంతు ఉన్నచోటికే తెచ్చిపెట్టవచ్చు. అప్పుడు ఇన్నాళ్లూ పాట రాదన్న మనిషి గొంతు నిండా పాడతాడు. అది నేను కళ్లారా చూస్తున్నాను.

నాలుగు వంతులు

పురుషుల క్వయర్‌లో నాలుగు భాగాలుంటాయి. అన్నిటికంటే పైన పాడేది ఫస్ట్ టెనర్, దాని కింద సెకండ్ టెనర్, తర్వాత బారిటోన్, అన్నిటికంటే కింద బేస్. మగవాళ్లలో ఎక్కువమందిది నడిమి గొంతు, అంటే బారిటోన్. పైకి సులువుగా వెళ్లే టెనర్లు ఎక్కడైనా కరువే. మాకు దొరికిన మంచి ఫస్ట్ టెనర్ కర్మన్‌ఘాట్ వైపు ఆటో నడిపే తమ్ముడు. సెకండ్ టెనర్లలో ఒకాయన బ్యాంకు ఉద్యోగి. బేస్‌లో నా పక్కన నిలబడే అన్న కొత్తపేట పండ్ల మార్కెట్లో హమాలీగా పనిచేసినవాడు. మార్కెట్ బాటసింగారం తరలిపోయాక ఆయన పనీ అక్కడికే మారింది. ప్రాక్టీసుకు మాత్రం ఇక్కడికే వస్తాడు. బారిటోన్ వరస నిండా దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకునే పిల్లలు.

వాళ్లలో ఒకబ్బాయి తన భాగం నేర్చుకుంటూ అడిగాడు: "సార్, ఇందులో పాట ఎక్కడుంది సార్? ఒకటే స్వరం మీద నిలబెట్టారు నన్ను."

"నీ ఒక్కడి దగ్గర లేదురా, నలుగురి మధ్యలో ఉంది. పక్కవాణ్ని విను" అన్నాను.

మిగతా మూడు భాగాలూ కలిపి పాడించాక వాడి ముఖం వెలిగింది. బారిటోన్ భాగం విడిగా వింటే నిజంగానే పాటలా ఉండదు. కానీ దాన్ని తీసేస్తే పాట డొల్లబోతుంది. వాద్యం ఉన్నచోట ఒకడు తప్పిపోతే కీబోర్డు కప్పేస్తుంది. ఇక్కడ కప్పేవాళ్లు లేరు. తన స్వరం తప్పకుండా పాడుతూనే ఎడమ పక్కవాణ్నీ కుడి పక్కవాణ్నీ వినాలి. ఈ పాటలో నోటికంటే చెవికే పని ఎక్కువ.

స, గ, ప ఒకేసారి

మన సంగీతంలో స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. పాశ్చాత్య బృందగానంలో వేర్వేరు స్వరాలు ఒకేసారి పలుకుతాయి. దాన్నే హార్మొనీ అంటారు. మనకు తెలిసిన శంకరాభరణంలో స, గ, ప అనే మూడు స్వరాలను ముగ్గురు ఒకేసారి పాడితే పాశ్చాత్యులు చెప్పే మేజర్ కార్డ్ వచ్చేస్తుంది.

ఇందులో నా లెక్కల ప్రాణానికి ఎంతో ఇష్టమైన విషయం ఒకటుంది. బేస్ పాడే షడ్జం సెకనుకు 110 కంపనాలు అనుకుందాం. దాని పైస్థాయి షడ్జం 220. నడుమ పంచమం 165, అంటే షడ్జానికి ఒకటిన్నర రెట్లు. ఇక పైస్థాయి అంతర గాంధారం నాలుగుకు అయిదు నిష్పత్తిలో 275. గొంతులు ఈ నిష్పత్తులకు సరిగ్గా చేరితే ధ్వనులన్నీ ఒకదానిలో ఒకటి ఒదిగిపోతాయి. ఎనిమిదిమంది పాడుతుంటే ఇరవైమంది ఉన్నారేమో అనిపిస్తుంది. ఎవరూ పాడని పై స్వరాలు కూడా గాలిలో మోగినట్టు వినిపిస్తాయి.

కీబోర్డు మీద ఆ గాంధారం 275 దగ్గర ఉండదు, 277 దాటి ఉంటుంది. ఒక స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసి శ్రుతి చేయడం వల్ల వచ్చిన తేడా అది. ఆ రెండు కంపనాల తేడాకే ధ్వని సన్నగా వణుకుతుంది. రోజూ అదే వింటున్నాం కాబట్టి మనం గమనించం. తంబుర తీగను మీటి చెవి దగ్గర పెట్టుకుంటే అందులోంచి పలికే గాంధారం మాత్రం శుద్ధమైనది. వాద్యం లేకుండా పాడేవాళ్లు చేరవలసింది అక్కడికే. అందుకే మా ప్రాక్టీసులో ఫోన్‌లో తంబుర పెట్టి, షడ్జం మీద అందరినీ నిలబెట్టి, ఆ తర్వాత గాంధారాన్ని వెతికిస్తాను. పాట మొదలయ్యేటప్పుడు తంబుర ఆపేస్తాం. పాట అయిపోయాక మళ్లీ పెట్టి చూసుకుంటాం. శ్రుతి దిగజారడం ఈ పద్ధతిలో అందరూ పడే కష్టం. పైకి వెళ్లేటప్పుడు పూర్తిగా అందుకోకపోయినా, కిందికి దిగేటప్పుడు ఎక్కువ దిగినా చరణం చరణానికీ శ్రుతి జారిపోతుంది.

ఊపిరి సంగతి కూడా చెప్పాలి. పొడవాటి వాక్యం మధ్యలో అందరూ ఒక్కసారే ఊపిరి తీసుకుంటే పాట తెగిపోతుంది. అందుకని ఒకే భాగం పాడేవాళ్లు వంతులవారీగా తీసుకుంటారు. ఒకడు ఆగినప్పుడు పక్కవాడు పట్టుకుంటాడు. మూట కింద పెట్టకుండా భుజం మార్చుకున్నట్టు అని మా హమాలీ అన్న పిల్లలకు చెప్పాడు. అంతకంటే బాగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

మఠాల నుంచి యుద్ధభూమి దాకా

యూరప్‌లో ఈ పాట మఠాల్లో పుట్టింది. సన్యాసులు రోజులో నిర్ణీత వేళల్లో లేచి కీర్తనలను ఒకే వరసలో, వాద్యం లేకుండా పాడేవారు. ఆ గ్రెగోరియన్ గానంలో క్రిస్మస్‌కు ప్రత్యేక స్థానం. అర్ధరాత్రి పూజకు, తెల్లవారుజాము పూజకు, పగటి పూజకు వేర్వేరు పాటలున్నాయి. తర్వాతి శతాబ్దాల్లో ఒక వరస మీద మరో వరస చేర్చి, నాలుగైదు గొంతుల అల్లిక తయారుచేశారు. స్పెయిన్‌కు చెందిన పూజారి, స్వరకర్త తోమాస్ లూయిస్ దె విక్టోరియా 1572లో అచ్చు వేయించిన 'ఓ మాగ్నుమ్ మిస్టీరియమ్'ను ఇప్పటికీ ప్రపంచమంతా పాడుతున్నారు. పశువుల పాకలో పుట్టిన ప్రభువును మూగజీవాలు చూడటమనే ఆశ్చర్యమే అందులోని విషయం.

ఆ కాలపు క్వయర్లలో మగవాళ్లే ఉండటానికి కారణం కళ కాదు, నిషేధం. చర్చి క్వయర్లలో ఆడవాళ్లకు చోటు ఇవ్వలేదు. పై స్వరాల కోసం పిల్లల చేత పాడించారు. పై గొంతు నిలవడానికి కొందరు మగపిల్లల శరీరాలను కోసిన క్రూరత్వం కూడా ఆ చరిత్రలో ఉంది. అలాంటి గాయకుల్లో చివరివాడైన అలెసాండ్రో మొరేస్కి 1922లో చనిపోయాడు. 1903లో పోప్ పదో పయస్ ఇచ్చిన ఆదేశం కూడా ఆడవాళ్లను క్వయర్లలో చేర్చుకోవద్దనే చెప్పింది. ఈ అన్యాయాన్ని మరిచిపోయి మగ క్వయర్ల గొప్ప చెప్పుకోకూడదు. ఈ కాలంలో మగవాళ్లు విడిగా పాడితే అది గొంతుల గుణం కోసం పాడాలి, ఇంకొకరికి తలుపు వేయడానికి కాదు.

క్రిస్మస్ పాటల్లో మనందరికీ తెలిసిన 'సైలెంట్ నైట్' కూడా మొదట రెండు మగ గొంతుల పాటే. ఆస్ట్రియాలో పూజారి యోజెఫ్ మోర్ 1816లో కవిత రాశాడు. బడిపంతులు ఫ్రాంజ్ గ్రూబర్ 1818లో స్వరం కట్టాడు. ఆ ఏడాది డిసెంబర్ 24న ఓబర్న్‌డోర్ఫ్ ఊళ్లోని సెయింట్ నికోలస్ చర్చిలో మోర్ టెనర్‌గా, గ్రూబర్ బేస్‌గా గిటార్ తోడుతో పాడారు. దాదాపు నూరేళ్ల తర్వాత, 1914 క్రిస్మస్ ముందురోజు రాత్రి, మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల్లోంచి జర్మన్ సైనికులు తమ క్రిస్మస్ పాటలు ఎత్తుకున్నారు. అవతలి వైపు బ్రిటిష్ సైనికులు తమ పాటలతో బదులిచ్చారు. చాలాచోట్ల రెండు పక్షాలవాళ్లూ మధ్యలో ఉన్న ఖాళీ నేలమీదికి వచ్చి చేతులు కలిపారు. అక్కడ వాళ్లను ముందు కలిపినవి గొంతులే.

ఆ యుద్ధం ముగిసిన ఏడాదే, 1918 క్రిస్మస్ ముందురోజు, సైన్యంలో చాప్లెయిన్‌గా పనిచేసి వచ్చిన ఎరిక్ మిల్నర్-వైట్ కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీలో తొమ్మిది వాక్యపఠనాల క్రిస్మస్ ఆరాధన మొదలుపెట్టాడు. 1928 నుంచి రేడియో దాన్ని ప్రపంచానికి వినిపిస్తోంది. ఆ ఆరాధన మొదలయ్యేటప్పుడు తొలి చరణాన్ని ఒక్క బాలుడు, ఏ వాద్యమూ లేకుండా పాడతాడు.

పెద్ద గాయకులు కానక్కర్లేదు

ఈ చరిత్రలో నాకు ప్రియమైనది మాత్రం చర్చి గోడల బయటిది, మామూలు మనుషులది. జార్జియా దేశంలో క్రిస్మస్ ముందు రాత్రి ఊరి మగవాళ్లు గుంపులుగా ఇంటింటికీ వెళ్లి 'అలిలో' పాటలు పాడతారు. మూడు గొంతులు, వాద్యం ఉండదు. వాళ్ల చర్చి పాత క్యాలెండర్ ప్రకారం క్రిస్మస్ జనవరి 7న వస్తుంది. జార్జియా బృందగానాన్ని యునెస్కో 2001లోనే మానవజాతి వారసత్వంగా ప్రకటించింది. వాళ్ల అలిలో గురించి తెలిసినప్పుడు ఇంటింటికీ తిరిగి పాడే మన కేరోల్ రౌండ్స్ గుర్తొచ్చి నాకు ఎంతో సంతోషం కలిగింది.

వేల్స్‌లో 'ప్లిగైన్' అనే ఆచారం ఉంది. క్రిస్మస్ తెల్లవారుజామున మొదలైన ఈ పద్ధతిని ఇప్పుడు ఎక్కువగా డిసెంబర్, జనవరి సాయంత్రాల్లో జరుపుతున్నారు. చిన్న ప్రార్థన ముగియగానే ఎవరూ పేర్లు పిలవకుండా ఒక్కో బృందం లేచి ముందుకు వస్తుంది. శ్రుతి చూసుకుని, వాద్యం లేకుండా పాడి వెళ్లిపోతుంది. అక్కడ చప్పట్లుండవు. ఒకరు పాడిన పాట ఆ రాత్రి ఇంకొకరు పాడరు. చివరికి అక్కడున్న మగవాళ్లంతా ముందుకొచ్చి కలిసి ఒక పాట పాడతారు. పాడేవాళ్లలో రైతులు, వాళ్ల కుటుంబాలవాళ్లే ఎక్కువ.

జర్మనీలో స్వరకర్త ఫ్రాంజ్ బీబుల్ 1964 ప్రాంతంలో మగ గొంతుల కోసం ఒక 'ఆవే మరియా' కట్టాడు. దేవదూత మరియమ్మకు శుభవార్త చెప్పిన ఘట్టం అందులో ఉంది. ఆయన దాన్ని రాసింది అగ్నిమాపక సిబ్బంది క్వయర్ కోసం! 1970లో కార్నెల్ విశ్వవిద్యాలయ పురుషుల క్వయర్ దాన్ని అమెరికా తీసుకెళ్లింది. 1978లో లూయిస్ బోటో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థాపించిన 'చాంటిక్లీర్' అనే పురుషుల బృందం దాన్ని ప్రపంచ ప్రసిద్ధం చేసింది. పన్నెండుమంది మగవాళ్లు బేస్ నుంచి ఆడగొంతు స్థాయి దాకా అన్ని భాగాలూ తామే పాడతారు. వాళ్ల క్రిస్మస్ కచేరీల్లో ఈ పాట కోసం జనం ఎదురుచూస్తారు. మంటలార్పేవాళ్లు పాడుకోవడానికి రాసిన పాట ఇంతదూరం వచ్చింది. ఆటో నడిపేవాళ్లు, హమాలీలు, బ్యాంకు ఉద్యోగులు పాడలేరని ఎవరైనా అంటే నేను ఈ కథే చెబుతాను.

మన కీర్తన, మన దారి

మనకు పాట కొత్త కాదు. తెలుగు క్రైస్తవ కీర్తనకు ఆద్యుడనదగిన పురుషోత్తమ చౌదరి 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మం తీసుకుని, 1890 దాకా జీవించారు. ఆయన కీర్తనలు, ఆ తర్వాతి భక్తుల కీర్తనలు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలో రాగతాళాల పేర్లతోనే అచ్చయ్యాయి. పాట పైన శంకరాభరణమనో, ఆనందభైరవి అనో, పక్కన తాళం పేరో చూసుకుని పాడుకునే సంప్రదాయం అది. నేను పుట్టింది దేవరకొండ దగ్గరి పల్లెలో. మా నాన్న సంఘంలో కంజీర వాయించేవారు. ఒకరు పల్లవి అందుకుంటే మిగతావాళ్లు తిరిగి పాడేవారు. అందరిదీ ఒకే వరస. నాలుగు వంతుల హార్మొనీ మా పల్లె పాటలో లేదు.

కానీ దాన్ని ఎరిగినవాళ్లు మన దగ్గరికి వచ్చారు. దక్షిణ రష్యాలోని మెనోనైట్ బ్రెదరెన్ అనే క్రైస్తవ శాఖ నుంచి అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1889లో భారతదేశానికి వచ్చి, నల్గొండలో సేవ ప్రారంభించారు. అమెరికా నుంచి అదే శాఖకు చెందిన ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులు 1899లో హైదరాబాద్ చేరారు. ఆ మిషన్ తొలి కేంద్రం మలక్‌పేట. మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్‌కు మూడే స్టేషన్ల దూరం. మెనోనైట్ల ఆరాధనలో చాలాకాలం వాద్యాలు లేవు. రష్యాలోని మెనోనైట్లు స్వరాలను ఒకటి నుంచి ఏడు అంకెలతో రాసుకుని పాడేవారు. హైన్రిఖ్ ఫ్రాంజ్ 1860లో అచ్చు వేసిన పాటల పుస్తకం ఆ అంకెల పద్ధతిలోదే. స రి గ మ ప ద ని రాసుకునే మనకు అది పరాయి పద్ధతిలా అనిపించదు. నేను కూడా మా క్వయర్‌కు సరిగమల్లోనే నాలుగు వరసలు రాసి ఇస్తాను. స్టాఫ్ నొటేషన్ చదవాల్సిన పని ఎవరికీ లేదు.

ఎల్బీనగర్ చౌరస్తాకు ఒకవైపు విజయవాడ రోడ్డు, మరోవైపు సాగర్ రోడ్డు. ఆ దారుల్లోనే మేమంతా వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. నల్గొండ, దేవరకొండ బాప్టిస్టులు, మెనోనైట్లు. గుంటూరు వైపు లూథరన్లు. ఖమ్మం, డోర్నకల్ వైపు సీఎస్ఐ వాళ్లు. పుస్తకంలో ఉన్న ఒకే కీర్తనను ఒక్కో ప్రాంతంవాళ్లు ఒక్కో నడకలో పాడతారు. మా ప్రాక్టీసులో మొదటి పని ఎవరి వరస వాళ్ల చేత పాడించి వినడం. తర్వాత అందరం ఒక వరసకు ఒప్పుకుంటాం. ఈ చుట్టుపక్కల కేథలిక్కులకూ మంచి వనరు ఉంది. రామంతాపూర్‌లోని సెయింట్ జాన్స్ రీజనల్ సెమినరీలో గురువులు కావడానికి చదివేవాళ్లంతా మగవాళ్లే. వాద్యం లేని పురుషగానానికి అంతకంటే సహజమైన చోటు మన నగరంలో ఇంకోటి తోచదు నాకు.

కీర్తనకు హార్మొనీ కలపడంలో అసలు చిక్కు గమకం. తోడి లాంటి రాగంలో స్వరం ఒకచోట నిలవదు, ఊగుతుంది. ఆ ఊపు కింద ఇంకో మూడు స్వరాలు పెడితే రాగం చెదిరిపోతుంది. అలాంటి కీర్తనలకు మేం హార్మొనీ కట్టం. బేస్ షడ్జ పంచమాలు పట్టుకుంటే, ఒక్కరే వరస పాడతారు. శంకరాభరణం, హరికాంభోజి హార్మొనీకి ఒదుగుతాయి. అన్నిటికంటే సులువు మోహన. స రి గ ప ద, ఈ అయిదు స్వరాల్లో ఒకదానికొకటి గట్టిగా రాసుకునే జంట లేదు. అందుకే నాలుగు భాగాలు చేయడం నేర్చుకునేవాళ్లు మోహన కీర్తనతో మొదలుపెట్టాలని నా సలహా.

ఇంగ్లిష్ కేరోల్స్‌ను తెలుగులోకి తెచ్చినప్పుడు చిక్కు మరోలా వస్తుంది. హ్రస్వం మీద పొడవాటి స్వరం, దీర్ఘం మీద పొట్టి స్వరం పడితే మాట వికారంగా వినిపిస్తుంది. కీర్తనకు ఆ బాధ లేదు, పదమూ స్వరమూ కలిసే పుట్టాయి. ఇంకో మేలు కూడా ఉంది. తెలుగు మాటలు చాలావరకు అచ్చులతో ముగుస్తాయి. అందరి నోళ్లూ ఒకేలా తెరుచుకుంటే ఆ చివరి అచ్చు మీద హార్మొనీ హాయిగా నిలుస్తుంది. మేం ప్రాక్టీసులో ఎక్కువసేపు సరిచేసుకునేది ఈ అచ్చులనే.

సెల్లార్లో పాట

మెదక్ కేథడ్రల్ లాంటి మందిరంలో పాడాలని ఎవరికి ఉండదు! కరువు రోజుల్లో చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన ఆ చర్చిని 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. నూరేళ్లు నిండిన ఆ శిఖరం ఎత్తు 175 అడుగులు. మాకు ఎల్బీనగర్‌లో దొరికింది అపార్ట్‌మెంట్ సెల్లార్. కానీ మగ గొంతులకు సెల్లార్ చాలా మంచి చోటు. చుట్టూ సిమెంటు గోడలు, పైన కాంక్రీటు స్లాబు. ధ్వనిని మింగేసే పరదాలు, పరుపులు అక్కడ ఉండవు. కార్ల మధ్య అర్ధవృత్తంలో నిలబడి మెల్లగా పాడినా పాట మెట్ల మీదుగా పై అంతస్తుల దాకా వెళ్తుంది.

కేరోల్ రౌండ్స్‌లో ఈ పద్ధతికి ఇంకో ప్రయోజనం ఉంది. శబ్ద కాలుష్యంపై 2000లో వచ్చిన నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. అది న్యాయమే, మా కాలనీల్లో పరీక్షలకు చదివే పిల్లలు, పొద్దున్నే డ్యూటీలకు వెళ్లేవాళ్లు, జబ్బుపడ్డ పెద్దలు ఉంటారు. డబ్బాలు మోగిస్తూ వెళ్తే శుభవార్త ఎవరికీ చేరదు, విసుగు చేరుతుంది. ఎనిమిదిమంది మగవాళ్లు సెల్లార్లో ఒక కీర్తన పాడి, దీవించి వెళ్తే క్రైస్తవులు కాని ఇళ్లవాళ్లు కూడా బయటికి వచ్చి వింటున్నారు. "ఇంకొక్కటి పాడండి అన్నా" అని అడిగినవాళ్లలో వాళ్లే ఎక్కువ.

మీ సంఘంలో మొదలుపెట్టాలంటే

భాగానికి ఇద్దరు చొప్పున ఎనిమిదిమంది చాలు. ముందు ఎవరికీ భాగం పేరు చెప్పకండి. తెలిసిన పాట ఒకటి పాడించి, ఎక్కడ గొంతు హాయిగా మోగుతోందో వినండి. భాగం అదే తేలుతుంది. అక్టోబర్‌లో మొదలుపెట్టండి, డిసెంబర్ దాకా ఆగితే పాటలు రావు. తొలి వారాల్లో ఒక్క అచ్చు మీద స, ప నిలపడమే పని. తర్వాత గ చేర్చండి. బేస్ భాగం ముందు నేర్పండి, దానిమీద సెకండ్ టెనర్, ఆపైన మిగతా రెండూ. పాటకు ముందు ఒక్కరే శ్రుతి ఇవ్వాలి. గొంతు మారుతున్న వయసు పిల్లల్ని తిప్పి పంపొద్దు. వాళ్లకు అందే నాలుగు స్వరాలతో భాగం రాసి ఇవ్వండి. ఆ వయసులో దొరికిన ప్రోత్సాహం జన్మంతా నిలుస్తుంది.

మా బారిటోన్ వరస ప్రతి ఏడాదీ మారుతుంది. కోచింగ్ అయిపోగానే పిల్లలు వెళ్లిపోతారు, కొత్తవాళ్లు వస్తారు. మొదట్లో నాకు అది దిగులుగా ఉండేది. ఇప్పుడు వెళ్లే ప్రతివాడి చేతిలో ఒక పాట నాలుగు భాగాలూ పూర్తిగా రాసిన కాగితం పెడుతున్నాను. నకిరేకల్‌లోనో, సూర్యాపేటలోనో, మిర్యాలగూడలోనో వాళ్ల సంఘాల్లో వెనక కుర్చీల్లో పెదాలు కదిపే మగవాళ్లుంటారు. వాళ్లను ముందుకు పిలిచి, వాళ్ల శ్రుతిలో పాట ఎత్తుకోవడమే ఆ పిల్లలను నేను కోరేది. వాళ్ల బాబాయిలు, మేనమామలు, బడిపంతుళ్లు అందరూ పాడగలరు. అడిగేవాళ్లు కావాలి, అంతే.